మోకాలి చిప్ప విరిగితే: పడ్డ రోజు నుంచి మెట్లు దిగే రోజు దాకా ఏం చేయాలి

ముందుగా మీ ఎక్స్‌రే రిపోర్టు ఒకసారి చూసుకోండి. ఇళ్ళలో ‘మోకాలు విరిగింది’ అని ఒక్క మాటలో చెప్పేస్తాం గానీ, అక్కడ విరగడానికి మూడు ఎముకలున్నాయి: తొడ ఎముక కింది కొస, కింది కాలి ఎముక పైభాగం, ముందున్న చిప్ప. రిపోర్టులో ‘టిబియల్ ప్లేటో’ అని ఉంటే విరిగింది కింది కాలి ఎముక పైభాగం. అప్పుడు వారాల తరబడి ఆ కాలు నేలకు ఆనించి బరువు మోపకూడదు. ‘పటెల్లా’ అని ఉంటే విరిగింది చిప్ప. కాలు చాపి బ్రేసులో (మోకాలు వంగకుండా పట్టీలతో బిగించే తొడుగులో) ఉంచితే చాలామందిని మొదటి వారంలోనే బరువు మోపి నడవమంటారు. రెండింటి నియమాలూ దాదాపు తలకిందులు. పక్కింటాయన తన మోకాలికి ఏం చేశారో చెప్తే వినండి, కానీ ఆయనకు విరిగిన ఎముక ఏదో తెలియకుండా పాటించకండి. ఇక్కడ చెప్పేదంతా చిప్ప గురించే.

చిప్ప చేసే పని

తొడ ముందు కండరం కిందికి దిగి, మందమైన టెండన్‌గా (కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి పట్టీగా) మారి చిప్ప పై అంచును పట్టుకుంటుంది. చిప్ప కింది అంచు నుంచి ఇంకో టెండన్ బయల్దేరి కింది కాలి ఎముక ముందున్న బొడిపెకు అతుక్కుంటుంది. కాలు చాపినప్పుడల్లా ఈ మొత్తం వరసే లాగుతుంది. బావి గిలక తాడుకు ఎలా పట్టునిస్తుందో చిప్ప ఈ లాగుడుకు అలా బలాన్నిస్తుంది.

విరగడం రెండు రకాలుగా జరుగుతుంది. బండి మీద నుంచి పడి మోకాలు నేరుగా రోడ్డుకు గుద్దుకుంటే, లేదా కారు డ్యాష్‌బోర్డుకు తగిలితే చిప్ప చాలాసార్లు ముక్కలు ముక్కలవుతుంది. మెట్టు తప్పి, పడకుండా ఆపుకోబోయినప్పుడు మాత్రం తొడ కండరమే ఒక్కసారిగా గట్టిగా లాగి చిప్పను అడ్డంగా రెండు చేస్తుంది. అడ్డంగా విరిగిన చిప్పతో చిక్కేమిటంటే, పై ముక్కను తొడ కండరం పైకి లాగేసుకుంటుంది. మధ్యలో ఖాళీ ఏర్పడుతుంది. వాపు పెరగకముందు వేలు పెట్టి చూస్తే ఆ గుంట చేతికి తగులుతుంది కూడా.

పడ్డ వెంటనే

లేచి నిలబడే ప్రయత్నం చేయకండి. కాలు నెమ్మదిగా చాపితే చాపనివ్వండి. నొప్పికి చాపలేకపోతే బలవంతం వద్దు, ఉన్న భంగిమలోనే కట్టండి. చెక్క పలక, మందపాటి అట్ట, నాలుగైదు దినపత్రికలు కలిపి మడిచిన దిమ్మ, ఏది దొరికితే అది తొడ పైనుంచి మడమ దాకా కాలి వెనక పెట్టండి. తువ్వాళ్ళతోనో చున్నీతోనో తొడ దగ్గర, పిక్క దగ్గర, చీలమండ పైన కట్టండి. సరిగ్గా చిప్ప మీద కట్టు వేయకండి. ఆ కాలికున్న పట్టీలు, మెట్టెలు అప్పుడే తీసేయాలి. గంట ఆగితే వాపు వచ్చి, కట్టర్ పెట్టి కోయాల్సి వస్తుంది.

ఐసు ముక్కల్ని గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టి తీయండి. గంటో రెండు గంటలో ఆగి మళ్ళీ పెట్టండి. కాలి వేళ్ళు కదులుతున్నాయా, స్పర్శ తెలుస్తోందా, రంగు మామూలుగా ఉందా అని మధ్యమధ్యలో చూస్తుండండి. నూనె రాసి మర్దన చేయడం, వేడినీళ్ళ కాపడం, పట్టి లాగడం వద్దు. లోపల కీలులోకి రక్తం కారుతూ ఉంటుంది. వేడి, మర్దన రెండూ దాన్ని పెంచుతాయి.

చిప్ప మీద చర్మం పలచన. కిందపడినప్పుడు అక్కడ చీరుకుపోయి ఉంటే, ఆ గాయం లోపలి ఎముక దాకా వెళ్ళిందనే అనుకోండి. శుభ్రమైన గుడ్డ కప్పి 108కి ఫోన్ చేయండి. పసుపు, కాఫీ పొడి లాంటివేవీ అద్దకండి. ఇలాంటి గాయానికి టీటీ ఇంజెక్షను, నరానికి యాంటీబయోటిక్ త్వరగా పడాలి, లోపలంతా కడగాలి. ఆపరేషను థియేటరుకు తీసుకెళ్ళే అవకాశం ఉంది కాబట్టి దారిలో టీ, టిఫిన్ పెట్టకండి.

రోడ్డు ప్రమాదమైతే ఆసుపత్రిలో మెడికో లీగల్ కేసుగా (పోలీసులకు సమాచారం వెళ్ళే కేసుగా) రాయించుకోండి. తర్వాత బీమా కోసం తిరిగేటప్పుడు ఆ కాగితం లేకపోతే చాలా ఇబ్బంది పడతారు.

పుత్తూరు కట్టు గురించి

చిత్తూరు వైపు వారికే కాదు, తెలుగు నేలంతటా విరిగిన ఎముక అనగానే పుత్తూరు గుర్తొస్తుంది. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు బద్దలతో వేసే ఆ కట్టు మీద జనానికున్న నమ్మకం తరాల నాటిది. కానీ చిప్ప సంగతి వేరు. ముక్కలు విడిపోతే వాటిని దూరం చేస్తున్నది తొడ కండరం. బయటి నుంచి ఎంత గట్టిగా బద్దలు కట్టినా ఆ లాగుడు ఆగదు. పైగా చిప్ప వెనకవైపు కీలు లోపల రాసుకునే నున్నటి తలం, గచ్చులాంటిది. దాన్ని చూసి సరిచేయాలి. బిగుతు కట్టు కింద వాపు పెరిగితే కాలికి రక్తం అందకపోయే ప్రమాదం కూడా ఉంది. ఎవరి దగ్గరికి వెళ్ళాలనుకున్నా ముందు ఎక్స్‌రే తీయించి, ఎముకల డాక్టరు చేత ఖాళీ ఉందో లేదో చూపించుకోండి.

ఆసుపత్రిలో ఏం చూస్తారు, మీరేం అడగాలి

డాక్టరు చేసే మొదటి పరీక్షకు యంత్రం అక్కర్లేదు. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంచకుండా మడమ మంచం నుంచి ఎత్తమంటారు. నొప్పితోనైనా ఎత్తగలిగితే పైనుంచి కిందికి లాగే వరస తెగలేదని అర్థం. ఎత్తలేకపోతే దాదాపుగా ఆపరేషనే. వాపు, నొప్పి బాగా ఉంటే కీలులో పేరుకున్న రక్తాన్ని సూదితో తీసి, ఆ కీలు వరకే మొద్దుబారే మందు ఇచ్చి మళ్ళీ ఎత్తమంటారు. ఈ పరీక్షను ఇంట్లో సరదాకి పదేపదే చేయించకండి, అతుక్కుని ఉన్న ముక్కలు విడిపోవచ్చు.

ఎక్స్‌రేలో పక్కనుంచి తీసిన ఫిల్ము ముఖ్యం. ముక్కల మధ్య ఖాళీ 3 మి.మీ. లోపు, వెనకవైపు కీలు అంచులో హెచ్చుతగ్గు 2 మి.మీ. లోపు ఉండి, కాలు ఎత్తగలిగితే సాధారణంగా ఆపరేషను లేకుండానే మానుతుంది. కొందరికి పుట్టుకతోనే చిప్ప పైన బయటి మూల వేరే ముక్కగా ఉంటుంది. అంచులు నున్నగా గుండ్రంగా ఉంటాయి, రెండో మోకాలిలోనూ ఉండొచ్చు. అది విరగడం కాదు. అనుమానం ఉంటే రెండో మోకాలికీ ఒక ఫిల్ము తీయమనండి.

ఆపరేషనులో ఎక్కువగా చేసేది వైరింగ్. రెండు సన్నటి స్టీలు కడ్డీలు నిలువుగా గుచ్చి, వాటి చుట్టూ ఇంగ్లీషు ఎనిమిది అంకె ఆకారంలో తీగ బిగిస్తారు. కొందరికి కడ్డీల బదులు బోలు స్క్రూలు, మరీ ముక్కలైతే చిన్న ప్లేటు వేస్తారు. చిప్ప మొత్తం తీసేయడం ఇప్పుడు చాలా అరుదు. అలా తీసేస్తామంటే ఇంకో సర్జన్ అభిప్రాయం తీసుకోండి.

డిశ్చార్జికి ముందు ఈ నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులు కాగితం మీద రాయించుకోండి: ‘బిగింపు గట్టిగా కుదిరిందా? బరువు ఎంత మోపొచ్చు? ఎన్నో వారం నుంచి ఎన్ని డిగ్రీలు వంచాలి? కాలు సొంతంగా ఎప్పటి నుంచి ఎత్తాలి?’ ఫిజియో దగ్గరికి వెళ్ళినప్పుడు మొదట చూపించాల్సిన కాగితం అదే. ఖర్చు విషయంలో, తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద వర్తిస్తుందేమో నెట్‌వర్క్ ఆసుపత్రిలో ఉండే పథకం సహాయకుణ్ణి (ఆరోగ్యమిత్రను) చేరిన రోజే అడగండి. డబ్బు కట్టేశాక అడిగి లాభం ఉండదు.

కాలు చాపి ఉంచే వారాలు

ఆపరేషను లేకపోతే పిండికట్టు గానీ పొడవాటి బ్రేసు గానీ సుమారు 4 నుంచి 6 వారాలు ఉంటుంది. ఆపరేషను అయినవారికి కూడా మొదట్లో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు బ్రేసు ఉంటుంది. బ్రేసు కింద పలచటి నూలు గుడ్డ గొట్టం తొడగండి. మన ఎండలకు చెమట పట్టి పొక్కులు లేస్తాయి. బ్రేసులో చిప్ప కోసం వదిలిన రంధ్రం సరిగ్గా చిప్ప మీదే ఉండాలి. నడుస్తుంటే అది రెండంగుళాలు కిందికి జారుతుంది, దాంతో కాలు వంగుతుంది. నడక మొదలుపెట్టే ముందు ప్రతిసారీ పైకి లాగి, ముందు పిక్క పట్టీలు, తర్వాత తొడ పట్టీలు బిగించండి.

దాదాపు ప్రతి ఇంట్లోనూ ప్రేమగా చేసే తప్పొకటుంది: మోకాలి కింద దిండు పెట్టడం. హాయిగానే ఉంటుంది, కానీ మోకాలు ఆ కొద్దిపాటి వంపులోనే బిగుసుకుపోతుంది, తర్వాత పూర్తిగా చాపుకోదు. దిండు మడమ, పిక్కల కింద పెట్టండి. మోకాలి వెనక ఖాళీగా వేలాడాలి, మడమ గుండె కన్నా ఎత్తులో ఉండాలి.

ఇండియన్ టాయిలెట్ ఈ వారాల్లో పనికిరాదు. కమోడ్ కుర్చీ అద్దెకు కూడా దొరుకుతుంది. స్నానానికి ఎత్తయిన ప్లాస్టిక్ కుర్చీ, కాలు చాపి పెట్టుకోవడానికి ఎదురుగా ఇంకో స్టూలు కావాలి. బాత్‌రూం గుమ్మం దగ్గర గట్టు ఉంటే వాకర్ మొదట అవతల పెట్టి, తర్వాత దెబ్బ తగిలిన కాలు, చివర్న మంచి కాలు దాటించండి. రెండోసారి పడేది ఎక్కువగా అక్కడే, తడిలో.

వాకర్ నుంచి ఒంటి కర్రకు మారాక కర్ర మంచి కాలి వైపు చేతిలో ఉండాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, అప్పుడు శరీరం బరువంతా ఆ కాలి మీదికే ఒరుగుతుంది.

ఈ రోజుల్లో చేయాల్సిన కసరత్తులు మూడే. కానీ మానకుండా చేయాలి.

పాదం ఆడించడం: వేళ్ళు ముఖం వైపుకు, తర్వాత కిందికి, గంటకోసారి 20 మార్లు. పిక్కలో రక్తం గడ్డకట్టకుండా ఇది కాపాడుతుంది.

తొడ బిగించడం: కాలు చాపి, మోకాలి కింద సన్నగా చుట్టిన చేతిగుడ్డ పెట్టి, దాన్ని మంచానికి అదుముతున్నట్టు తొడ బిగించండి. 5 సెకన్లు ఆపి వదలండి. ఒక విడతకు 10 సార్లు, రోజుకు అయిదారు విడతలు. చిప్పకు పైన, లోపలి వైపు ఉబ్బెత్తు కండరం మీద చెయ్యి పెట్టుకోండి. చేతి కింద గట్టిపడాలి. మొదటి రోజుల్లో ఎంత ప్రయత్నించినా అక్కడ కదలికే కనిపించకపోవచ్చు. కీలులో వాపు ఉన్నంతకాలం ఆ కండరం నిద్రపోయినట్టే ఉంటుంది. రెండు తొడలూ ఒకేసారి బిగించి చూడండి, మంచి కాలిని చూసి ఇదీ అందుకుంటుంది.

బ్రేసుతోనే కాలు ఎత్తడం: ఇది మాత్రం సర్జన్ సరేనన్నాకే. మడమ అడుగు ఎత్తు లేపి 5 సెకన్లు ఆపి దించాలి.

వంచడం మొదలయ్యాక

అసలు కష్టం ఇక్కడే. ఎముకకు విశ్రాంతి కావాలి, కీలుకు కదలిక కావాలి. మొదటిది ఎక్కువైతే మోకాలు బిగుసుకుపోతుంది, రెండోది ఎక్కువైతే తీగ తెగుతుంది. గట్టిగా కుదిరిన వైరింగుకు ఎక్కువగా పాటించే లెక్క ఇలా ఉంటుంది: 2 వారాల తర్వాత 30 డిగ్రీలు (పూర్తిగా చాపిన కాలు సున్నా), 4 వారాలకు 60, 6 వారాలకు 90, 12 వారాల సమయానికి దాదాపు పూర్తిగా. మీ సర్జన్ రాసిచ్చింది వేరుగా ఉంటే అదే పాటించండి. ఎముక ఎన్ని ముక్కలైందో, తీగ ఎలా పట్టిందో లోపల చూసింది ఆయనే.

వంచే పద్ధతి ముఖ్యం. మంచం అంచున కూర్చుని, మంచి కాలి పాదాన్ని దెబ్బ తగిలిన కాలి చీలమండ కింద ఆసరాగా పెట్టండి. మంచి కాలిని మెల్లగా కిందికి దించుతుంటే, రెండోది తన బరువుతోనే వంగుతుంది. అనుమతించిన డిగ్రీ దగ్గర 10 సెకన్లు ఆపండి. తిరిగి చాపేటప్పుడు మంచి కాలితోనే పైకి ఎత్తాలి. వంగిన కాలిని దాని సొంత బలంతో చాపబోతే తొడ కండరం తీగ మీద పూర్తి లాగుడు వేస్తుంది. ఎక్స్‌రేలో ఎముక అతికిందని తేలేదాకా, చీలమండకు ఇసుక సంచీ కట్టి కాలు చాపే కసరత్తు ఇందుకే పనికిరాదు. జిమ్ములో కూర్చుని కాళ్ళతో బరువు ఎత్తే యంత్రానికైతే సర్జనూ ఫిజియో ఇద్దరూ సరేననేదాకా దూరంగా ఉండండి.

రోజుకు మూడు నాలుగు విడతలు, విడతకు 10 సార్లు చాలు. ఎంత వంగుతోందో తెలుసుకోవడానికి కుర్చీని ఎప్పుడూ ఒకే చోట వేసి, మడమ ఎంత వెనక్కి వచ్చిందో నేల మీద టేపు ముక్క అంటించండి. రెండు మూడు రోజులకోసారి కొలవండి, రోజూ కొలిస్తే నిరాశే మిగులుతుంది. కసరత్తు తర్వాత వచ్చే నొప్పి రెండు గంటల్లో సర్దుకోవాలి. మర్నాడు పొద్దున వాపు పెరిగి ఉంటే ఆ రోజు సగానికి తగ్గించండి, పూర్తిగా మానకండి.

కుట్లు సాధారణంగా 12 నుంచి 14 రోజులకు తీస్తారు. గాయం పూర్తిగా మాని, పక్కులన్నీ రాలిపోయాక మచ్చ మీద కొబ్బరినూనెతో రోజూ 5 నిమిషాలు వేలితో చిన్న గుండ్రాలు తిప్పుతూ రుద్దండి. కింది పొరలకు అతుక్కుపోయిన మచ్చ కూడా వంగుడును ఆపుతుంది.

6 నుంచి 8 వారాలకు కూడా 90 డిగ్రీలు రాకపోతే సర్జన్‌ను కలవండి. ‘నలుగురు పట్టుకుని ఒక్కసారి వంచేస్తే సరిపోతుంది’ అనేవారికి కాలు అప్పగించకండి. అవసరమైతే మత్తు ఇచ్చి, ఎముక అతికిందని నిర్ధారించుకుని వంచుతారు. ఇంట్లో అదే పని చేస్తే చిప్ప మళ్ళీ విరుగుతుంది.

వెంటనే ఆసుపత్రికి వెళ్ళాల్సినవి

‘టక్’మని శబ్దం వచ్చి, నిన్నటిదాకా ఎత్తగలిగిన కాలు ఎత్తలేకపోవడం. కుట్ల దగ్గర చీము, జ్వరం, రోజురోజుకూ పెరిగే ఎరుపు. పిక్క ఒక్కటే ఉబ్బి నొక్కితే నొప్పి పుట్టడం. దానికి ఆయాసం, ఛాతీ నొప్పి తోడైతే అర్ధరాత్రైనా ఆగకూడదు. కట్టు కింద మాత్రలకు లొంగని నొప్పి, వేళ్ళు చల్లబడటం, మొద్దుబారడం. కట్టు బిగుతుగా ఉన్నప్పుడు వచ్చే ఈ లక్షణాలకు గంటల్లో వైద్యం అందాలి.

తిండి, మందులు

ఆపరేషను అయినవాళ్ళకు పప్పు పెడితే చీము పడుతుందని, వంకాయ, గుడ్డు, పెరుగు తగలనివ్వకూడదని పథ్యం పెట్టే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. ఎముక అతకాలన్నా కరిగిపోయిన తొడ కండరం తిరిగి రావాలన్నా కావాల్సిన మాంసకృత్తులు ఉన్నవి ఆ పప్పు, గుడ్డు, పెరుగులోనే. చారన్నంతో నెల గడిపిన మనిషికి కసరత్తు చేసే ఓపిక ఎక్కడిది? కిడ్నీ జబ్బు లేకపోతే రోజుకు శరీర బరువు కిలోకు ఒక గ్రాము పైన మాంసకృత్తులు చూసుకోండి. గుడ్డులో సుమారు 6 గ్రాములుంటాయి. రాగులు, నువ్వులు, పాలు, పెరుగు కాల్షియం కోసం. ఎముకల సూపు తాగితే తాగండి, అదొక్కటే సరిపోతుందనుకోకండి. షుగరు అదుపులో ఉండాలి, సిగరెట్టు, బీడీ పూర్తిగా మానాలి. పొగ ఎముక అతకడాన్ని ఆలస్యం చేస్తుంది.

విటమిన్ డి 60,000 యూనిట్ల మాత్ర గానీ పొడి గానీ రాస్తే, అది సాధారణంగా వారానికి ఒక్కటి. మిగతా మాత్రలతో కలిపి రోజూ వేసుకుని వాంతులు, కిడ్నీ ఇబ్బందితో తిరిగొచ్చేవారుంటారు. స్ట్రిప్ మీద వారం పేరు రాసిపెట్టుకోండి. నొప్పి మాత్రల పాత చీటీ చూపించి మందుల షాపులో నెలల తరబడి కొనకండి, కడుపులో పుండ్లు, కిడ్నీ దెబ్బ వాటితోనే వస్తాయి.

మెట్లు, బండి, నేల మీద కూర్చోవడం

మెట్లు ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, దిగేటప్పుడు ముందు దెబ్బ తగిలిన కాలు. ఎముక అతికిందని ఎక్స్‌రే చెప్పాక, ఒక్కో కాలితో ఒక్కో మెట్టు సాధన మొదలుపెట్టండి. మొదట 10 సెంటీమీటర్ల ఎత్తు పీట, తర్వాత మామూలు మెట్టు. కిటికీ ఊచలు పట్టుకుని, కుర్చీలో సగం కూర్చోబోయినట్టు కొద్దిగా వంగి లేవండి. సైకిలు తొక్కడానికి సీటు ఎత్తు పెంచుకోండి. పెడలు పూర్తి చుట్టు తిరగనప్పుడు ముందుకూ వెనక్కూ ఊపితే చాలు.

దర్జీ టేపుతో చిప్ప పై అంచుకు 10 సెంటీమీటర్ల పైన రెండు తొడల చుట్టుకొలత చూసుకోండి. తేడా రెండు మూడు సెంటీమీటర్లు ఉండటం మామూలే. అది తగ్గేదాకా ఎంత బాగా వంగుతున్నా మెట్లు దిగేటప్పుడు మోకాలు వదిలేసినట్టవుతుంది. ఎముక అతికినా చాలామంది కుంటుతూనే ఉండటానికి కారణం ఈ తొడే. మూడో నెలలో ‘నడుస్తున్నాను కదా’ అని ఫిజియో మానేయడం వల్ల జరిగే నష్టమిది.

బండి నడపడానికి నొప్పి లేకుండా కాలు వంగడం ఒక్కటే చాలదు. కుడి కాలికి దెబ్బ తగిలితే వెనక బ్రేకు ఒక్కసారిగా నొక్కగలగాలి, ట్రాఫిక్‌లో బండి ఒరిగితే ఆ కాలితో ఆపగలగాలి. సాధారణంగా మూడు నెలలకు ముందు ఆ బలం రాదు. వెనక కూర్చుని వెళ్ళడం కూడా బ్రేసు ఉన్నన్నాళ్ళు వద్దు.

బాసింపట్టు వేసి కూర్చోవడానికి, గొంతుక్కూర్చోవడానికి 120 డిగ్రీలకు పైగా వంగాలి. నాలుగు నుంచి ఆరు నెలల మధ్య చాలామంది ప్రయత్నించగలుగుతారు, కొందరికి పూర్తిగా రాదు. అది రానివాళ్ళు టాయిలెట్ మార్పించుకోవడమే మేలు, ఆ భంగిమ కోసం కీలును హింసించకండి. మోకాళ్ళ మీద ఆనే ప్రార్థనకు, నమాజుకు, సాష్టాంగానికి మెత్తటి దిండు వాడండి లేదా కుర్చీలో చేయండి. తీగ కొసలు చర్మం కిందే ఉంటాయి కాబట్టి గుచ్చుకుంటుంది.

ఆ గుచ్చుకోవడం భరించలేకపోతే, ఎముక బాగా అతికాక, ఎక్కువగా ఏడాది తర్వాత తీగలు తీసేస్తారు. ఇబ్బంది పెట్టకపోతే తీయించాల్సిన పనిలేదు. తీగ కొస చర్మాన్ని పైకి నెట్టి ఎర్రబడితే మాత్రం ఏడాది కోసం ఆగకండి, చర్మం తెగకముందే చూపించుకోండి.